ఇంజను లేని విమానంతో ఎల్లారెడ్డి దాకా

కామారెడ్డికి యాత్రకని ఎవరూ వెళ్ళరు. పెళ్ళికో, బియ్యం బేరానికో, కోర్టు వాయిదాకో వెళ్తారు. నేను మాత్రం 2012 వేసవిలో తెనాలి నుంచి దుప్పట్లలో చుట్టిన రెండు రెక్కలూ, ఆరడుగుల చెక్కపెట్టె ఒకటీ మోసుకుని వెళ్ళాను. మూడు రోజులున్నాను. ఆ ఊళ్ళ గురించి చెప్పడానికి మంచి మాటలు చాలా ఉన్నాయి. నా గురించి చెప్పడానికి లేవు. అయినా రెండూ కలిపే రాస్తాను, విడదీస్తే అబద్ధమవుతుంది.

గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. నేను చెప్పేది మనుషులెక్కేది కాదు, నేల మీద నిలబడి రిమోట్‌తో నడిపేది. చిన్నవాటిని చేత్తో విసరొచ్చు, రబ్బరు తాడుతో వడిసెలలా వదలొచ్చు. పెద్దదానికి ఆ పప్పులుడకవు. ఇంజనున్న ఇంకో విమానం దాన్ని తాడు కట్టి పైకి లాక్కెళ్ళాలి. ముందుదాన్ని ఒకరు, వెనకదాన్ని ఒకరు నడుపుతారు, ఇద్దరూ పక్కపక్కనే నిలబడి. కావలసిన ఎత్తుకు చేరాక వెనకవాడు మీట నొక్కితే గ్లైడర్ ముక్కు దగ్గరి పిన్ను జారి తాడు ఊడిపోతుంది. అవసరమైతే ముందువాడు కూడా తన చివర తాడు వదిలేయవచ్చు. చెప్పుకుంటే ఇంతే.

నేను ఒక ఐటీఐలో వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్‌ని. చిన్న మోడళ్ళు పన్నెండేళ్ళుగా ఎగరేస్తున్నాను. ఈ పెద్దదాన్ని మూడేళ్ళపాటు చేశాను, మూడున్నర మీటర్ల రెక్క. చేయడం పూర్తయ్యే నాటికి షుగర్ వల్ల నా ఎడమకంటి చూపు మధ్యలో మసక మచ్చ పడింది. కుడికన్ను కూడా అదే దారిలో ఉందనీ, వచ్చే వేసవికి ఇలాంటి సరదాలు మరిచిపొమ్మనీ డాక్టరు చెప్పాడు. కాబట్టి ఉన్నది ఈ ఒక్క వేసవే. నేను చేసింది ఒక్కసారి పైకెక్కి, తాడు వదిలి, తనంతట తాను గాలిలో తిరుగుతుంటే చూడాలి. నాకు కావలసిందల్లా అదే.

మా వైపు లాగే విమానం ఎవరి దగ్గరా లేదు. సికింద్రాబాద్‌లో మోడళ్ళ సామాను అమ్మే షాపతను కామారెడ్డి నర్సింలు ఫోన్ నంబరిచ్చాడు. ఫోన్లో నర్సింలుతో అన్నీ మాట్లాడాను. కళ్ళ సంగతి మాత్రం మాట్లాడలేదు. చెబితే రావద్దంటాడని భయం.

రైల్లో పెట్టె

సికింద్రాబాద్ నుంచి రైల్లో నా పెట్టె నడిచే దారికి అడ్డం. ఎక్కినవాళ్ళూ దిగినవాళ్ళూ తిడుతూనే దాటారు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ ఏడాదుల్లో నా యాస విన్నవాళ్ళు ఇంకో మాట కూడా కలిపి తిట్టారు. ఎదురుగా బీడీ ఆకు మూటతో కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం నన్ను వదల్లేదు.

“గా పెట్టెల ఏమున్నది బాపూ?”

“విమానం.”

“ఎగతాళి జేస్తున్నవా?”

“నిజమే. ఇంజను ఉండదు. ఇంకో విమానం తాడుతో లాగుతుంది.”

ఆవిడ కాసేపు ఆలోచించి, “గట్లనా! మా ముసలాయన గూడ గంతే. నేను గుంజితేనే నడుస్తడు,” అంది. పెట్టె చుట్టూ నవ్వులు. దిగేటప్పుడు నా దుప్పటి మూటలు ఆవిడే కిందికి అందించింది, “పైలం, రెక్కలు ఇర్గుతయ్,” అంటూ.

వైండింగ్ షాపు

నర్సింలుది బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళలో కాలిపోయిన మోటార్లన్నీ అక్కడికే వస్తాయి. వార్నిష్ వాసన, రాగి తీగ చుట్టలు. లోపల అతని భార్య సుజాత తీగ చుడుతూ లెక్క పెడుతోంది. మా వైపు వైండింగ్ షాపులో ఆడమనిషిని నేను చూడలేదు. ఆ మాటే అంటే, “చుట్టు తప్పితే మోటర్ మళ్ల కాలుతది సార్. ఈయనకు లెక్క ఆగది, మాటలు ఎక్కువ,” అంది ఆమె, చెయ్యి ఆపకుండానే.

నర్సింలుకు నలభై ఏళ్ళుంటాయి. మాటలు ఎక్కువే. లాగే విమానానికి గడ్డి కోసే మిషన్ ఇంజను పెట్టాడు, పిల్లల నడకబండి చక్రాలు బిగించాడు. పసుపు రంగు వేశాడు. దాన్ని ‘ట్రాక్టర్’ అంటాడు, గ్లైడర్‌ని ‘ట్రాలీ’ అంటాడు. నా దుప్పట్లు విప్పి రెక్కలు బయటికి తీసి, అతుకుల వెంట వేలు పోనిస్తూ చాలాసేపు చూశాడు. తర్వాత భార్యను పిలిచి, “సుజాతా, ఈ అతుకు జూడు. యాడన్న కనవడ్తుందా?” అన్నాడు. మూడేళ్ళలో నా పనిని అంత శ్రద్ధగా చూసింది అతనొక్కడే. మా ఇంట్లో దాన్ని పాడె అంటారు.

అతని కోరిక కూడా ఆ సాయంత్రమే చెప్పాడు. వచ్చే వేసవి నుంచి ఎల్లారెడ్డి దగ్గర ఇలా తాడుతో ఎగరేయడం నలుగురికి నేర్పాలని. నిజామాబాద్‌లో ఇద్దరు సిద్ధంగా ఉన్నారట. “మీదే మొదటి పెద్ద ట్రాలీ సార్. ఇది మంచిగ ఎగిరితే వాండ్లకు ధైర్యమొస్తది,” అన్నాడు.

రాత్రి వాళ్ళింట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు. పొయ్యి మీద పెట్టని పులుసు పులుసేనా అని మనసులో వెక్కిరించుకుంటూ మొదలుపెట్టి మూడు రొట్టెలు తిన్నాను. చింతపండు రసంలో పచ్చి ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ, అంతే. చారు మరిగించడానికి మా ఆవిడ అరగంట తగలేస్తుంది. లాడ్జీలో గది రెండు వందల యాభై. ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు, దానికి డబ్బు తగ్గించమంటే మేనేజరు, “గాలి మీరు దెచ్చుకున్నరు గద సార్, విమానం ఉన్నదంట,” అన్నాడు. అప్పటికే ఊరంతా తెలిసిపోయింది.

తాడు నడక

మర్నాడు ట్రాలీ ఆటోలో ముగ్గురం ఎల్లారెడ్డి వెళ్ళాం. ఊరు దాటాక ఎండిపోయిన చెరువు అడుగు ఉంది, అక్కడివాళ్ళు శిఖం అంటారు. వర్షాలు పడేదాకా గట్టినేల. ఒక పక్క కట్ట రాళ్ళు, ఇంకో పక్క తుమ్మచెట్లు, మధ్యలో బర్రెల గిట్టల గుంటలు.

విమానాలు దించుతాడనుకున్నాను. నర్సింలు తాడు మాత్రమే తీశాడు. ఒక కొస తన నడుముకు కట్టుకుని ఇంకో కొస నా చేతికిచ్చాడు.

“నేను ట్రాక్టర్, మీరు ట్రాలీ. నడువుర్రి. తాడు బిగుసుకోవద్దు, నేల మీద పడొద్దు.”

“ఈ వయసులో నాతో రైలాట ఆడిస్తావా?”

“గాలిల ఇర్గుడు కంటే గిది నయం గద సార్.”

నడిచాం. అతను తిరిగితే నేనూ వెంటనే తిరిగాను. తాడు కింద పడింది. “ఆగుండ్రి. నేను మలిగిన కాడికి మీరొచ్చినంకనే మలుగాలె. ముందుగాలనే అడ్డం వోతే తాడు లూజైతది, ఎనుక ఒక్కసారి గుంజుకుంటది. రెండూ ఆగమైతయ్.” ఎంత తేలిక మాట! పుస్తకాలు తిరగేసి, కంప్యూటర్లో చదివి అర్థం కానిది పావుగంటలో నా కాళ్ళకు అర్థమైంది. మేకలు కాసే ముసలాయన గట్టు మీద కూర్చుని, “ఏంది నర్సింలూ, ఆంధ్రా సార్‌ను అంగడికి తోల్కపోతున్నవా?” అని అరిచాడు. నాకూ నవ్వొచ్చింది.

రెండో విడతలో ఒక్కసారి కూడా తాడు పడనివ్వలేదు. నర్సింలు మెచ్చుకున్నాడు. నేను తాడును చూడలేదు, వేళ్ళకు తగిలే బిగువును బట్టి నడిచాను. ఆ సంగతి అతనికి తెలియదు. గిట్టల గుంటలో రెండుసార్లు కాలు మడతపడి తూలినప్పుడు సుజాత మాత్రం, “సార్, కింద జూస్కోని నడువుండ్రి,” అంది.

తర్వాత మాటలు కుదుర్చుకున్నాం. పైకెళ్ళాక అరుపులే ఆధారం.

“తాడు ఇడ్సిపెట్టాలంటే మీ దిక్కు ఏమంటరు?” అన్నాడు నర్సింలు.

“వదులు అంటాం.”

“మరి తాడు లూజైతే?”

ఆలోచించి చూస్తే అదీ వదులే. తాడు వదులైంది అంటాం. చెప్పగానే భార్యాభర్తలిద్దరూ పడీ పడీ నవ్వారు. “గట్లయితే పని గాదు సార్. ఇడ్సిపెట్టాలంటే ‘ఇడువు’ అందాం. లూజైతే ‘లూజు’ అందాం. మీ వదులు మీ దగ్గర్నే ఉంచుకోండ్రి,” అన్నాడు. సరేనన్నాను.

మధ్యాహ్నం ఎండ కాస్త దిగాక అతని చిన్న స్పాంజి గ్లైడర్‌తో మొదలుపెట్టాం. ఎర్రరంగుది. సుజాత రెక్క కొస పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తి వదిలింది. ట్రాక్టర్ కంటే ముందే ట్రాలీ నేల విడుస్తుంది, అప్పుడు సంబరపడి పైకి లేపకూడదు. లేపితే ముందుదాని తోక పైకి లేచి అది ముక్కు నేలకు పొడుస్తుంది. దాని ఎత్తులోనే, ఒక పిసరు పైన ఉండాలి. రెండుసార్లు పైకెళ్ళి, రెండుసార్లూ తాడు వదిలి, దింపాను. రెండోసారి మాత్రం తెల్లటి ఆకాశంలో ఎర్రచుక్క మాయమైంది. కనిపించకపోయినా చేతులు కదపకుండా ఉంచాను, మళ్ళీ కనిపించింది. “శభాష్ సార్,” అన్నాడు నర్సింలు. చెప్పాల్సింది అప్పుడే. శభాష్ అన్నవాడికి నాకు కనపడలేదని ఎలా చెప్పను?

గద్ద

ఆ రాత్రి ఎల్లారెడ్డిలో సుజాత వాళ్ళ అక్క ఇంట్లో పడుకున్నాం. పొద్దున్నే మక్కగారెలు పెట్టారు, మొక్కజొన్న గింజలు రుబ్బి చేసేవి. మా గారెలకు చిల్లు ఉంటుంది, వాటికి లేదు. నా ధ్యాసంతా గ్లైడర్ మీదే, ఒకటి కొరికి వదిలేశాను. ఆవిడ నొచ్చుకుంది కూడా.

శిఖానికి వెళ్ళేసరికి మేకల ముసలాయన, దారిన పోయేవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. నా గ్లైడర్‌ని బిగించి తాడు తగిలించాం. మీట నొక్కి పిన్ను జారుతోందో లేదో నర్సింలు మూడుసార్లు చూశాడు. సుజాత రెక్క పట్టుకుంది.

“తయారా సార్?”

“తయార్.”

ఇంజను అరిచింది. తాడు బిగిసింది. నా మూడేళ్ళు నేల మీద దొర్లి, తేలికగా, పొగరుగా గాలిలోకి లేచాయి. ఎంత బాగుందో నాకు చెప్పడం రాదు. ముందు పసుపు, వెనక తెలుపు. రెండు తాళ్ళ ఎత్తు, మూడు తాళ్ళ ఎత్తు. మొదటి మలుపులో నర్సింలు నెమ్మదిగా ఎడమకు తిప్పాడు. అతను మలిగిన చోటికి వచ్చాక నేనూ తిప్పాను. రెక్క చక్కగా వాలింది. మళ్ళీ సరిచేశాను, అదీ సరిగ్గా వచ్చింది.

“సార్, బయటికి వోతున్నది. సక్కగ జెయ్యుండ్రి!” అన్నాడు నర్సింలు.

బయటికేం పోవడం లేదు. నాకు చక్కగా కనపడుతోంది. చక్కగానే ఉంది.

“సార్! సక్కగ!”

అప్పుడు నా గ్లైడర్ రెక్కలాడించింది.

అది గద్ద. కట్ట పైన వేడిగాలిలో తిరుగుతున్న గద్ద. ఎంతసేపు నడిపానో తెలియదు, నేను నడిపింది దాన్ని. అది దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంటే నా చెయ్యి తిప్పిందనుకున్నాను. నాది ఎక్కడుందో ఆకాశమంతా వెతికాను. ఎక్కడా లేదు. మీట మీదికి వేలు పోలేదు, మీట ఎటువైపుందో కూడా గుర్తు రాలేదు. “వదులు! వదులు!” అని అరిచాను. తాడు వదిలేయమనే అరిచాను. భయంలో అరువు మాట రాదు, అమ్మ నేర్పిందే వస్తుంది.

నర్సింలు వెంటనే తన చివర వదిలేశాడు. ఇరవై గజాల తాడు ముక్కుకు వేలాడేసుకుని, ఒక పక్కకు వాలిపోయి, నా గ్లైడర్ కట్ట రాళ్ళ మీద పడింది. నేను చూడలేదు. చప్పుడు విన్నాను.

మాట

నర్సింలు తన విమానాన్ని జాగ్రత్తగా దింపి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికి జనం కట్ట దగ్గరికి చేరారు, మేమూ వెళ్ళాం. తాడు రాళ్ళ మధ్య చిక్కుకుని ఉంది. రెక్క ఐదు ముక్కలు. పొట్ట లోపలి నుంచి చిన్న సర్వో మోటార్ల తీగలు బయటికి వచ్చాయి.

“ఏమైంది సార్? మీరే గద వదులు అన్నరు?”

అందరూ నావైపు చూస్తున్నారు. నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలోనే నాకు ఇంకోటి తోచింది.

“తాడు వదులైందన్నానయ్యా! వదలమన్నానా? వదలమనాలంటే ఇడువు అనేవాణ్ణి కదా. నిన్న అనుకున్నాం కదా!”

ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్ళను జీవితమంతా వెక్కిరించాను. నేను మద్దెలను కూడా అనలేదు, మద్దెల వాయించేవాణ్ణి అన్నాను.

నర్సింలు చేతిలోని రిమోట్ వైపు చూసుకున్నాడు. “అవు సార్... ఇడువు అనుకున్నం,” అన్నాడు. అతని ముఖం రంగు మారడం ఆ కళ్ళతోనే చూశాను. మేకల ముసలాయన తల ఊపి, “ఆంధ్రోళ్ల మాట మనకు సమజ్ గాదురా నర్సింలూ. ఒకటంటే ఒకటి ఇనవడ్తది,” అన్నాడు. అంతా అవునంటే అవునన్నారు. వదులైతే లూజు అనాలని కూడా అనుకున్నాం కదా అని ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో ఆ మాటను ఎవరైనా నమ్ముతారు, మా ఊళ్ళో కూడా నమ్ముతారు. నా అబద్ధానికి నేను పెద్దగా కష్టపడనవసరం లేకపోయింది. సుజాత ఒక్కతే రాళ్ళ మధ్య వంగింది. ముక్కలు ఏరి నా పెట్టెలో పెట్టింది, చిన్న చెక్కపేడుతో సహా.

తిరుగుదారంతా నర్సింలు ఆ పెట్టెను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. కామారెడ్డి షాపులో కూర్చున్నాక ఫోన్ తీసి నిజామాబాద్‌కు చేశాడు, నా ఎదుటే.

“అన్నా, వచ్చే ఏడాది మాట మర్సిపోండ్రి... లే లే, ఇంజన్ మంచిగనే ఉన్నది. నాకే మాట సమజ్ గాలే. ఒకాయన మూడేండ్లు కష్టపడి చేసిండు, పలగొట్టిన... లేదన్నా. ఇంకొకరిది నేను గుంజ.”

నేను మంచినీళ్ళు తాగుతున్నాను. తాగుతూనే ఉన్నాను. గ్లాసు కింద పెడితే మాట్లాడాల్సి వస్తుంది.

ఇప్పుడైనా ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటారు. ఇంటికొచ్చాక నాలుగుసార్లు చేశాను. వానలు పడ్డాయా, మోటార్లు వస్తున్నాయా, పిల్లలు బాగున్నారా అని అడిగి నాలుగుసార్లూ పెట్టేశాను. నేను మంచివాణ్ణనీ, అంత నష్టపోయినా యోగక్షేమాలడుగుతున్నాననీ అతను అనుకున్నాడు. కళ్ళు పోతాయని భయపడ్డవాణ్ణి, వాటికంటే ముందు పోయింది ఏమిటో చూసుకోలేదు.

కామారెడ్డి స్టేషన్

మర్నాడు పొద్దున రైలుకు భార్యాభర్తలిద్దరూ వచ్చారు. నర్సింలు పెట్టె ఎక్కించడానికి గార్డుతో మాట్లాడతానని ముందుకు వెళ్ళాడు. సుజాత రొట్టెల డబ్బా నా చేతికి అందించింది. నేను డబ్బాకు ఒక జానెడు పక్కన చెయ్యి చాచాను. ఆమె నా చెయ్యి పట్టుకుని డబ్బా మీద పెట్టింది.

“మొదటి నాడే అనుమానమొచ్చింది సార్,” అంది నెమ్మదిగా. “నిన్న రెక్క ఇడ్సినంక నేను మీ పక్కపొంటే నిలవడ్డ. మీరు మీ విమానం దిక్కు సూస్తలేరు. గద్ద దిక్కు సూస్తున్నరు.”

నేను డబ్బా మూత నొక్కుతూ నిలబడ్డాను.

“ముందుగాల జెప్తే ఏమయ్యేది? ఆయన దగ్గర రెండు రిమోట్లను కలిపే వైరు ఉన్నది. రెండో రిమోట్‌తో మీ విమానం తప్పిపోకుంట నేను పట్టుకుందును. మీరు ఎగరేస్తుంటే నేను జూసి చెప్పుదును. రెండేండ్ల సంది ఆయన ట్రాక్టర్ నేను గూడ నడుపుతున్న.”

అది నాకు తట్టనే లేదు. ఆ మూడు రోజుల్లో ఆమెను నేను రెక్క పట్టుకునే మనిషిగానే చూశాను. రిమోట్ ఎప్పుడైనా పట్టుకున్నావా అని ఒక్కసారి కూడా అడగలేదు.

“ఆయన రాత్రి అన్నం తినలే. నేను జెప్పలే సార్ ఆయనకు. మీరే జెప్తరని సూస్తున్న.”

రైలు వచ్చింది. నర్సింలు పెట్టె ఎక్కించి, నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కిందికి దిగి నిలబడ్డాడు. సుజాత అతని పక్కనే ఉంది. కిటికీ ఊచలు పట్టుకుని అతను, “తప్పయింది సార్. మాఫ్ జెయ్యుండ్రి,” అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు.

చెబుదామనే నోరు తెరిచాను. నిజంగా చెబుదామనే.

“పర్వాలేదులే నర్సింలూ. మనసులో పెట్టుకోకు,” అన్నాను.

సుజాత వెనక్కి తిరిగి, రైలు కదిలేదాకా ఆగకుండా, మెట్ల వైపు నడిచి వెళ్ళిపోయింది. నర్సింలు మాత్రం కదులుతున్న రైలు పక్కనే ఊచలు వదలకుండా నాలుగడుగులు నడిచాడు.

“మీది పెద్ద మనసు సార్,” అన్నాడు.